తీరం కాచిన రేనియర్, తీరం కోల్పోయిన నిజాం సీమ

కృష్ణానది ఎడమ గట్టున, నల్లమల అంచున ఉన్న కొల్లాపూర్ ప్రాంతం, అంటే సురభి వంశపు వెలమ ప్రభువులు నిజాముకు పేష్కషు (కప్పం) చెల్లిస్తూ ఏలిన జటప్రోలు సంస్థానం, సముద్రానికి చాలా దూరం. సోమశిల వంటి రేవుల్లో ఏరు దాటించే పుట్టి, అంటే వెదురు బద్దలతో అల్లి పైన తోలు కప్పిన గుండ్రని బుట్ట పడవ, ఈ సీమ వారికి తెలిసిన నావ. అయినా 18వ శతాబ్ది రెండో సగంలో హైదరాబాదు రాజ్యం ఎవరి అండన నిలవాలి, దాని సొమ్ముతో ఎవరి సైన్యం బతకాలి, కృష్ణకు ఆవలి గట్టు ఎవరి పాలు కావాలి అనే ప్రశ్నలు నిజాము దర్బారులో ఎంతగా తేలాయో, బంగాళాఖాతం మీద కూడా అంతగానే తేలాయి.

ఆ సముద్ర చరిత్రలో మూడు ఘట్టాలు ముఖ్యమైనవి. ఫ్రెంచివారు ఉత్తర సర్కారులను, అంటే గుంటూరు మొదలు గంజాం వరకు విస్తరించిన కోస్తా జిల్లాలను, పోగొట్టుకున్న 1758-61 నాటి యుద్ధం మొదటిది. మైసూరు పాలకుడు హైదర్ అలీకి తోడుగా ఫ్రెంచి నౌకాదళం దిగివచ్చిన 1782-83 నాటి యుద్ధం రెండోది. నిజాము బ్రిటిష్ వారి సహాయక సంధికి ఒప్పుకున్న 1798కి అటూ ఇటూ సాగిన పోరాటం మూడోది. ఈ మూడింటిలోనూ తూర్పు సముద్రాల మీద కొలువు చేసిన పీటర్ రేనియర్ మొదటి ఘట్టంలో కుర్ర నావికుడు, రెండోదానిలో ఒక యుద్ధనౌకకు కెప్టెన్, మూడోదానిలో ఆ జలాల్లోని బ్రిటిష్ నౌకాదళానికంతటికీ అధిపతి. చరిత్ర పుస్తకాలు గొప్పగా చెప్పుకొనే నౌకాసమరమేదీ అతడి ఆధిపత్యంలో జరగలేదు. సముద్రపు దారులు ఒకరి కాపలాలోకి పోయిన తరువాత లోనాటి రాజ్యాలకు మిగిలే స్వేచ్ఛ ఎంత అన్నది అతడి జీవితాన్ని తెలుగు నేల మీద నుంచి చూసినప్పుడు తెలిసివస్తుంది.

కుర్ర నావికుడు

రేనియర్ 1741లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, శాండ్విచ్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. అతడి తాత డానియెల్ రెన్యే హ్యూగెనాట్, అంటే ఫ్రాన్సులో కేథలిక్ రాజుల ఏలుబడిలో మత స్వేచ్ఛ కోల్పోయి దేశం విడిచిన ప్రొటెస్టంట్లలో ఒకడు. ఆ విధంగా ఫ్రాన్సు వెళ్లగొట్టిన కుటుంబంలో పుట్టినవాడే జీవితమంతా ఫ్రెంచి ఓడలను తరుముతూ గడిపాడు. ఆనాటి బ్రిటిష్ నౌకాదళంలో అధికారి కాదలచిన బాలుడు పదమూడు, పద్నాలుగేళ్లకే ఓడెక్కి, తెరచాప తాళ్ల దగ్గర నుంచి నక్షత్రాలను బట్టి దారి కనుక్కోవడం దాకా అక్కడే నేర్చుకొని, కొన్నేళ్ల అనుభవం తరువాత పరీక్ష నెగ్గితే లెఫ్టినెంటు అయ్యేవాడు. రేనియర్ 1756లో ఆక్స్‌ఫర్డ్ అనే ఓడలో చేరి, 1758 మార్చిలో యార్మత్ మీద తూర్పు సముద్రాలకు వచ్చి, ఇక్కడ టైగర్ అనే యుద్ధనౌకకు మారాడు.

అప్పటికి ఉత్తర సర్కారులు ఫ్రెంచి సేనాని బుస్సీ చేతిలో ఉన్నాయి. నిజాము సలాబత్ జంగ్ తన గద్దెను కాపాడే ఫ్రెంచి సైన్యం ఖర్చు కోసం 1753లో వాటిని అతడికి అప్పగించాడు. 1758లో పుదుచ్చేరిలోని ఫ్రెంచి సర్వసేనాని లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకోవడంతో సర్కారుల్లో ఫ్రెంచివారి పట్టు సడలింది. విజయనగరం ప్రభువు ఆనంద గజపతి పిలుపు మీద బెంగాలు నుంచి వచ్చిన కర్నల్ ఫోర్డ్ 1758 డిసెంబరులో చందుర్తి, కొండూరుల దగ్గర ఫ్రెంచివారిని ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను రాత్రివేళ దాడి చేసి పట్టుకున్నాడు. పుదుచ్చేరి నుంచి సముద్రం మీద పంపిన ఫ్రెంచి సహాయం కోట పడిపోయిన తరువాత గానీ చేరలేదు. కోటను విడిపించడానికి సైన్యంతో దగ్గరికి వచ్చి ఉన్న సలాబత్ జంగ్ ఆ మే నెలలోనే ఆంగ్లేయులతో సంధి చేసుకొని, మచిలీపట్నం ప్రాంతాన్ని వారికి వదులుకొని, ఫ్రెంచివారిని తన రాజ్యంలో ఉండనివ్వనని మాట ఇచ్చాడు.

ఈ మార్పుకు సముద్రం మీద జరిగిన భాగంలో రేనియర్ ఉన్నాడు. 1758 ఏప్రిల్‌లో, ఆగస్టులో, మళ్లీ 1759 సెప్టెంబరులో బ్రిటిష్ అడ్మిరల్ పోకాక్, ఫ్రెంచి నౌకాదళపతి దాషే కోరమాండల్ తీరాన మూడుసార్లు తలపడ్డారు. టైగర్ మీద రేనియర్ ఆ మూడింటిలోనూ పాల్గొన్నాడు. ఏ పక్షమూ తిరుగులేని గెలుపు సాధించకపోయినా మూడో పోరు తరువాత దాషే ఫ్రెంచివారి చేతిలోని మారిషస్‌కు వెళ్లిపోయి ఈ తీరానికి మళ్లీ రాలేదు. సముద్రం నుంచి ఒక్క బస్తా ధాన్యమైనా అందని స్థితిలో పుదుచ్చేరి 1761 జనవరిలో లొంగిపోయినప్పుడు రేనియర్ ముట్టడిలో ఉన్న నార్ఫోక్ అనే జెండా నౌక మీద, అంటే అడ్మిరల్ ఎక్కి నడిపే ప్రధాన నౌక మీద, ఉన్నాడు. అదే ఓడలో 1762 నాటి మనీలా దండయాత్రకూ వెళ్లాడు. యుద్ధం ముగిసి నౌకాదళంలో కొలువులు కరువైన కాలంలో కొన్నేళ్లు ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పనిచేసి, 1768లో పరీక్ష నెగ్గి లెఫ్టినెంటు అయ్యాడు. ఉత్తర సర్కారుల మీద కంపెనీ హక్కును హైదరాబాదు కొత్త ప్రభువు నిజాం అలీఖాన్ సంధి పూర్వకంగా ఖాయం చేసిన సంవత్సరం కూడా అదే.

రేవు లేని తీరం

లెఫ్టినెంటు అయిన పదేళ్లకు, వెస్టిండీస్ జలాల్లో ఆస్ట్రిచ్ అనే చిన్న ఓడను నడుపుతూ, 1778 జూలైలో ఒక పెద్ద అమెరికన్ ప్రైవేటీరును, అంటే శత్రు సరుకు ఓడలను కొల్లగొట్టడానికి ప్రభుత్వ అనుమతి పొందిన సాయుధ నౌకను, రేనియర్ తీవ్రంగా గాయపడి కూడా పట్టుకున్నాడు. దానికి ప్రతిఫలంగా ఆ అక్టోబరులో పోస్ట్ కెప్టెన్ హోదా దక్కింది. ఆ హోదా వచ్చిన అధికారికి తరువాతి పదోన్నతులన్నీ సీనియారిటీ క్రమంలో తప్పక వస్తాయి. బతికుంటే ఏదో ఒకనాటికి అడ్మిరల్ అవుతాడు. 1779లో బర్ఫర్డ్ అనే యుద్ధనౌకకు కెప్టెన్‌గా అడ్మిరల్ హ్యూస్ వెంట అతడు మళ్లీ తూర్పు సముద్రాలకు వచ్చాడు.

1782 ఫిబ్రవరి నుంచి 1783 జూన్ వరకు హ్యూస్, ఫ్రెంచి నౌకాదళపతి సఫ్రెన్ సద్రాస్, నాగపట్నం, కడలూరు తీరాల్లోనూ సింహళ తీరంలోనూ అయిదుసార్లు తలపడ్డారు. ఆ పోరుల్లో గెలుపోటములు తేలకపోయినా, తూర్పు తీరాన యుద్ధనౌకలు తలదాచుకొనే రేవు లేకపోవడం ఎంత పెద్ద లోపమో బయటపడింది. మద్రాసు, మచిలీపట్నం, విశాఖపట్నం అన్నీ ఆ రోజుల్లో బయలు రేవులే. ఓడ తీరానికి దూరంగా లంగరు వేసుకొని, సరుకును, మనుషులను పడవల మీద దించవలసి వచ్చేది. గోదావరి పాయ మీది కోరంగిలో ఓడలు కట్టడానికి, బాగుచేయడానికి వీలున్నా పెద్ద యుద్ధనౌకలకు అక్కడి లోతు చాలేది కాదు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు, వాటితో పాటు తుఫానులు మొదలయ్యే వేళకు బ్రిటిష్ నౌకలు మరమ్మతుకని బొంబాయి పోక తప్పేది కాదు. అవి తిరిగివచ్చే దాకా ఈ తీరమంతా కాపలా లేకుండా పడి ఉండేది. అన్ని కాలాల్లోనూ నౌకలను దాచగల సింహళంలోని ట్రింకోమలీ రేవును 1782 ఆగస్టులో సఫ్రెన్ పట్టుకోవడం వల్ల ఫ్రెంచివారికి కలిగిన వెసులుబాటును రేనియర్ కళ్లారా చూశాడు.

ఇదే కాలంలో నిజాము రాజ్యం సముద్రానికి పూర్తిగా దూరమైంది. నిజాము తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉన్న గుంటూరు సర్కారు ఒక్కటే అప్పటికి కంపెనీ చేతికి పోని తీరభాగం. అతడి కొలువులోని ఫ్రెంచి దళానికి మనుషులు, సామగ్రి మోటుపల్లి రేవు ద్వారా అందుతున్నాయని కంపెనీ వారు పదే పదే అభ్యంతరం చెప్పేవారు. ఆ రేవు కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దిలో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించిన రేవే. బసాలత్ జంగ్ 1782లో మరణించగా, నిజాము 1788లో గుంటూరును కూడా కంపెనీకి అప్పగించాడు. అప్పటి నుంచి హైదరాబాదుకు తుపాకి కావాలన్నా, ఐరోపా నుంచి సైనికుడు రావాలన్నా కంపెనీ తీరం మీదుగానో, మరొక రాజ్యం మీదుగానో రావలసిందే.

నౌకాధిపతి

1793లో ఫ్రాన్సుతో మళ్లీ యుద్ధం రాగా, రేనియర్ 74 ఫిరంగుల సఫోక్ మీద కమడోర్ హోదాతో, అంటే అడ్మిరల్ కాకపోయినా నౌకాదళాన్ని నడిపే అధికారంతో, తూర్పు సముద్రాల అధిపతిగా 1794లో బయలుదేరాడు. తన కాపుదలలోని పెద్ద ఓడల బారును దారిలో ఎక్కడా ఆగకుండా నవంబరు నాటికి మద్రాసు చేర్చడం ఆ రోజుల్లో వింతగా చెప్పుకొన్న విషయం, ఎందుకంటే మంచినీళ్లు, కాయగూరలు లేక స్కర్వీ వ్యాధితో నావికులు రాలిపోయే కాలమది. 1795 జూన్‌లో రియర్ అడ్మిరల్ అయిన అతడు మొదట తలపెట్టిన పెద్ద పని, వెనుకటి యుద్ధం ముగిశాక డచ్చివారికి తిరిగి దక్కిన ట్రింకోమలీని, వారి దేశం ఫ్రెంచివారి వశం కావడంతో, వారి నుంచి తీసుకోవడం. పదమూడేళ్ల కిందటి పాఠం అతడికి గుర్తుందనడానికి ఇది నిదర్శనం. ఆ తరువాత 1796 ఫిబ్రవరి, మార్చి నెలల్లో లవంగాలు, జాజికాయలు పండే ఆంబోయినా, బాండా ద్వీపాలను పట్టుకున్నాడు. పట్టుబడిన సొత్తును హోదాల వారీగా పంచే ప్రైజ్ మనీ పద్ధతిలో నౌకాధిపతికి ఎనిమిదో వంతు దక్కేది కనుక, ఆ ద్వీపాల గిడ్డంగుల్లోని సుగంధ ద్రవ్యాలే రేనియర్‌ను ధనవంతుణ్ణి చేశాయి.

ఆ కాలంలోనే హైదరాబాదులో ఫ్రెంచి ప్రభావం మళ్లీ పెరిగింది. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో ఓడిన నిజాం అలీఖాన్, ఆ యుద్ధంలో కంపెనీ తనకు తోడు రాలేదన్న కోపంతో ఫ్రెంచి సేనాని రేమండ్ దళాన్ని బలపరిచాడు. జనం మూసారాముడుగా పిలుచుకొన్న, మూసారాంబాగ్‌కు పేరునిచ్చిన వాడు ఈ రేమండే. మైసూరులో టిప్పు సుల్తాను కూడా ఫ్రెంచి సాయం కోసం మారిషస్‌కు దూతలను పంపాడు. అయితే 1798 ఏప్రిల్‌లో మంగళూరు చేరిన ఫ్రెంచి స్వచ్ఛంద సైనికులు నూరుగురికి మించలేదు. ఫ్రాన్సు నుంచి దండు కదలాలంటే నెలల తరబడి బ్రిటిష్ నౌకలు తిరిగే సముద్రం దాటాలి. మారిషస్‌లో ఉన్న కొద్దిపాటి ఓడలు ఆ పనికి చాలవు. 1798 మార్చిలో రేమండ్ చనిపోగా, సెప్టెంబరు 1న నిజాము సహాయక సంధికి, అంటే తన ఖర్చుతో బ్రిటిష్ సైన్యాన్ని తన రాజ్యంలో నిలుపుకొనే ఒప్పందానికి సమ్మతించాడు. అక్టోబరులో ఫ్రెంచి దళం చేత ఆయుధాలు దింపించారు. ఆ దళానికి తోడుగా ఒక్క ఫ్రెంచి ఓడ కూడా తీరానికి రాలేకపోయింది, వచ్చినా దిగడానికి నిజాముకంటూ రేవు లేదు.

సహాయక సంధి ఫలితం రెండేళ్లకే కృష్ణ గట్టు దాకా వచ్చింది. 1799 మేలో కంపెనీ, నిజాము సైన్యాల చేతిలో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పడిపోయి అతడు మరణించాక పంపకంలో నిజాముకు వచ్చిన ప్రాంతాలను, అంతకు ముందు 1792లో వచ్చిన వాటితో కలిపి, పెరిగిన సైన్యం ఖర్చు కింద 1800 అక్టోబరు సంధితో కంపెనీకి వదిలివేశారు. వాటినే దత్త మండలాలు అన్నారు. కర్నూలు నవాబు అప్పటి దాకా హైదరాబాదుకు కడుతున్న పేష్కషు కూడా కంపెనీకి మారింది. ఆ విధంగా జటప్రోలు సంస్థానపు రేవుల్లో పుట్టి ఎక్కి ఆవలి గట్టున దిగినవాడు కంపెనీ సార్వభౌమత్వం కింది నేల మీద అడుగుపెట్టినట్టే అయింది. నవాబును తొలగించి కర్నూలును కంపెనీ నేరుగా కలుపుకొన్నది 1839లో.

రేనియర్‌కు గవర్నర్ జనరల్ వెల్లస్లీతో పొసగలేదు. మారిషస్ మీదికి దండెత్తుదామని వెల్లస్లీ తొందరపెట్టినప్పుడు, రాజుగారి స్పష్టమైన ఆజ్ఞ లేనిదే నౌకలను పంపనని రేనియర్ నిరాకరించాడు. కంపెనీ ప్రభుత్వానికి నౌకాధిపతి లోబడడు. అతడికి ఆజ్ఞలు లండన్ నుంచి రావాలి. భూమి మీది పాలకుడు, సముద్రం మీది అధిపతి వేరువేరు గొడుగుల కింద ఉండటం ఆ సామ్రాజ్యపు బలహీనత. తన దగ్గర ఉన్న ఓడలు సరుకు నౌకల కాపలాకే అంతంతమాత్రంగా సరిపోతాయన్నది మాత్రం రేనియర్‌కు తెలిసిన నిజం.

విశాఖపట్నం, 1804

ఆ కాపలా ఎంత పలుచనో విశాఖపట్నంలో తెలిసింది. 1803 జూలైలో పుదుచ్చేరి వచ్చిన ఫ్రెంచి అడ్మిరల్ లినోవా, దగ్గరలోనే రేనియర్ నౌకలు ఉండగా, లంగర్లు, పడవలు వదిలేసి రాత్రికి రాత్రి తప్పించుకొని సరుకు ఓడల వేటలో పడ్డాడు. ఆ వేటలో భాగంగానే 1804 సెప్టెంబరులో మచిలీపట్నం దగ్గర ఉండగా, విశాఖపట్నంలో బ్రిటిష్ ఓడలు సరుకు ఎత్తుకుంటున్నాయని అతడికి సమాచారం అందింది. ప్రిన్సెస్ షార్లెట్, బార్నబీ అనే ఆ రెండు ఓడలకు కాపుగా వచ్చిన సెంచూరియన్ 50 ఫిరంగుల పాత నౌక. రేనియర్ బంధువైన దాని కెప్టెన్ జబ్బుపడి మద్రాసులో ఉండిపోగా, ఆ స్థానంలో ఉన్న జేమ్స్ లిండ్ పని మీద ఒడ్డుకు వెళ్లాడు. ఓడ లెఫ్టినెంట్ ఫిలిప్స్ చేతిలో ఉంది.

విశాఖ ఒడ్డుకు, ఓడకు నడుమ దూరం తక్కువే అయినా దాటడం తేలిక కాదు. ఒడ్డున విరిగే కెరటాలకు ఓడ తాలూకు చెక్క పడవలు బద్దలవుతాయి కనుక, మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరినార తాళ్లతో కుట్టిన మసూలా పడవలే దిక్కు. కెరటం కొట్టినప్పుడు వాటి పలకలు వంగుతాయి తప్ప పగలవు. వాటిని నడిపే వారు తీరపు బెస్తలు. సెప్టెంబరు 15 ఉదయం లినోవా ఎక్కిన 74 ఫిరంగుల మరెంగో, దానితో పాటు అటలాంట్, సెమియాంట్ అనే రెండు ఫ్రిగేట్లు, అంటే వేగంగా నడిచే మధ్యతరహా యుద్ధనౌకలు, నైరుతి దిక్కున కనిపించాయి. ఫిలిప్స్ లంగరు తాడు నరికించి, తెరచాపలు విప్పి కాల్పులు మొదలుపెట్టాడు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకొచ్చి కెరటాల్లో ముక్కలైంది. ప్రిన్సెస్ షార్లెట్ పోరాడకుండానే లొంగిపోయింది. పోరు కాస్త తెరిపి ఇచ్చిన వేళ లిండ్ పడవ మీద ఓడకు చేరి నాయకత్వం తీసుకున్నాడు. తాళ్లు, తెరచాపలు చిందరవందరైన సెంచూరియన్ తీరానికి దగ్గరగా, ఇసుక మేటల అవతల నిలబడి, ఒడ్డు మీది కొద్ది ఫిరంగుల ఆసరాతో మధ్యాహ్నం దాకా పోరాడింది. మరమ్మతుకు తనవారి రేవు వేల మైళ్ల దూరంలో ఉన్న లినోవా తన నౌకకు పెద్ద దెబ్బ తగలనివ్వలేక, దొరికిన ఓడను తీసుకొని వెనుదిరిగాడు. రెండు వైపులా చనిపోయినవారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే. తరువాతి కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన నౌకాదళ పతకపు పట్టీ మీద మాత్రం ఈ పోరు తేదీని సెప్టెంబరు 18గా చెక్కారు.

సరుకు లెక్కన చూస్తే గెలిచింది లినోవాయే. కానీ రేవు లేని నౌకాదళం గెలిచిన చోట నిలవలేదు. మరెంగో 1806 మార్చిలో అట్లాంటిక్‌లో బ్రిటిష్ వారికి పట్టుబడి, లినోవా ఖైదీ అయ్యాడు.

మిగిలిన పేరు

1805లో ఎడ్వర్డ్ పెల్యూకు బాధ్యత అప్పగించి స్వదేశం చేరిన రేనియర్ ఆ నవంబరులో పూర్తి అడ్మిరల్ అయ్యాడు. 1807లో శాండ్విచ్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1808 ఏప్రిల్ 7న లండన్‌లో మరణించాడు. సుమారు 2,50,000 పౌండ్లుగా లెక్కకట్టిన ఆస్తిలో పదో వంతును దేశపు అప్పు తీర్చడానికి వినియోగించమని వీలునామా రాశాడు. తన సంపద ఉద్యోగం వల్ల వచ్చిందని, అందులో కొంత రాజ్యానికి తిరిగి చెందాలని అతడు తలచాడనుకోవచ్చు. ఆ సంపద మూలమైన గిడ్డంగులు నింపిన ద్వీపవాసుల వంతు ఆ వీలునామాలో లేదు.

అతడి పేరు భారతదేశంలో నిలవలేదు. 1792లో పసిఫిక్ తీరాన్ని సర్వే చేస్తూ జార్జ్ వాంకూవర్ ఒక మంచు కొండకు తన స్నేహితుడి పేరు పెట్టాడు. స్థానిక తెగలు తహోమా అని పిలిచే 4,392 మీటర్ల ఆ శిఖరమే నేటి మౌంట్ రేనియర్. సియాటిల్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారు, వారిలో కొల్లాపూర్ ఉన్న పూర్వపు పాలమూరు జిల్లా నుంచి వెళ్లినవారు కూడా, రోజూ చూసే ఆ కొండ పేరు, తమ పూర్వీకుల సీమ సార్వభౌమత్వం మారిన కాలంలో బంగాళాఖాతాన్ని కాచిన అధికారిది. రేనియర్ ఆ కొండను ఎన్నడూ చూడలేదు.

తెలుగు మెట్టసీమ చరిత్రలో నిజాము, మరాఠాలు, పాలెగాండ్రు, సంస్థానాధీశులు ఎప్పుడూ కనిపించే పాత్రలు. వారి ఎత్తుగడలన్నిటికీ హద్దు గీసినది మాత్రం తీరం. 1753లో ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి, ఆ తరువాత ఆంగ్లేయులకు రాసిచ్చినప్పుడు నిజాములు వాటిని కొంత రాబడి ఇచ్చే జిల్లాలుగానే లెక్కించారు. వాటితో పాటు బయటి ప్రపంచంతో సొంతంగా సంబంధం పెట్టుకొనే దారి కూడా పోయిందని 1798లో గానీ పూర్తిగా తెలిసిరాలేదు. రేనియర్ గెలిచిన పెద్ద యుద్ధం లేకపోవడానికి, అతడి పదకొండేళ్ల ఆధిపత్యంలో దక్కను రాజకీయం బ్రిటిష్ వారి వైపు తిరగడానికి కారణం ఒకటే: రావలసిన శత్రు నౌకాదళం రాకుండా చూడటమే అతడి ఉద్యోగం. విశాఖలో ఒక రోజు తప్ప, ఆ పనిలో అతడు పెద్దగా విఫలం కాలేదు.